ఫ్రాన్సు దొరా, లోవమ్మ మేకా

రాజమండ్రి, 6 ఆగస్టు 1900, సోమవారం

దొరగారి జ్వరం తగ్గలేదు. నిన్న ఆయన్ని మద్రాసు ఆసుపత్రికి పంపేశారు. ఆయన నడిపే ట్రైనింగు బడిని కూడా వెంట పంపేస్తే బాగుండేది. అది మా మిషను కాంపౌండులోనే ఉండిపోయింది, పదకొండు మంది మేష్టర్లతో సహా.

వీళ్లంతా ఏళ్ల తరబడి ఊళ్లలో అరుగుల మీద బడులు నడిపినవాళ్లు. సర్టిఫికెట్టు లేని మేష్టరు బడి ఇక మూసెయ్యవలసిందేనని సర్కారు ఉత్తర్వు. అందుకని మీసాలు నెరిసినవాళ్లు కూడా చంకలో పుస్తకాలు పెట్టుకుని వచ్చి బల్లల మీద కూర్చుంటున్నారు. అక్టోబరు ఆఖర్లో పరీక్ష. లెక్కలకీ భూగోళానికీ చెప్పేవాళ్లున్నారు. 'పాశ్చాత్య దేశములలో విద్యను గూర్చిన ఆలోచనల చరిత్ర' అనే పేపరుకే ఎవరూ లేరు. దాని పుస్తకం ఇటుకంత ఉంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది. ఈ కాంపౌండులో దాన్ని చదవగలిగినవాళ్లు, చదివి తెలుగులో చెప్పగలిగినవాళ్లు ఇద్దరే. ఒకరు మద్రాసు వెళ్లిపోయారు.

రెండోదాన్ని నేను. కాలేజీలో ఎఫ్.ఏ. ప్యాసై వచ్చి ఏడాదైంది. ఈ ఏడాదిలో నేను సాధించిన ఘనకార్యం ఆడపిల్లల బడిలో ముక్కులు తుడవడం.

దొరసానిగారు పిలిపించారు. "దేవకుమారీ, నీవు వారికి బోధింపవలెను. ప్రభువు నీకు తోడైయుండును" అన్నారు. ఆవిడ తెలుగు బైబిలు చదివి నేర్చుకున్నది. కాఫీ చల్లారిందన్నా ప్రవక్త శపించినట్టు ఉంటుంది. మేష్టర్లలో సగం మందైనా గట్టెక్కితే నాకు ట్రైనింగు బడిలోనే ఖాయంగా ఉద్యోగం. లేకపోతే నరసాపురం పంపేస్తారు, లేసు అల్లే ఆడవాళ్ల మీద పెత్తనానికి. నా చేతికి లేసు సూది ఇస్తే దారం ఉరి పోసుకుంటుంది. రోజంతా పూలూ ఆకులూ లెక్కపెడుతూ ముసలిదాన్నైపోవాలి.

నాకేం భయం లేదు. నరసాపురంలో సముద్రపు గాలి మంచిదట.

9 ఆగస్టు

ప్రభువుతో పాటు ఒక తెర కూడా తోడుంటుందట. పెళ్లికాని పిల్ల మగవాళ్ల ఎదుట నిలబడి పాఠం చెబితే లోకం ఏమంటుందో అని దొరసానిగారి బెంగ. తన పక్కదుప్పటి ఇచ్చారు, అంచున నరసాపురం లేసు ఉన్నది. గది మధ్య తాడు కట్టి దాన్ని వేలాడదీశారు. తెరకి కాపలా లోవమ్మ. లోవమ్మ బంగళాలో ఆయా. నరసాపురం చేపల రేవు మనిషి, నోటికి తలుపు లేదు. ఆవిడ మేక ఒకటి ఎప్పుడూ వెంటే ఉంటుంది.

లేసు కన్నాల్లోంచి నాకు అందరూ కనిపిస్తారు. వాళ్లకి నేను కనిపించను. ఈ ఏర్పాటు నాకు నచ్చిందని దొరసానిగారికి చెప్పలేదు.

10 ఆగస్టు

మొదటి పాఠం. "చాలా కాలం క్రితం గ్రీసు దేశంలో ఒక తాత ఉండేవాడు" అన్నాను.

చాలా కాలం క్రితం గ్రీసు దేశంలో ఒక తాత ఉండేవాడు, అని పదకొండు గొంతులు ఒక్కసారి అందుకున్నాయి. చూరు మీది పావురాలు లేచిపోయాయి.

నా వెంట అననక్కరలేదండి, ఊరికే వినండి అని చెప్పాను. నా వెంట అననక్కరలేదండి, ఊరికే వినండి, అన్నారు వాళ్లు, రాగంతో సహా.

లోవమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

14 ఆగస్టు

మళ్లీ ప్రయత్నించాను. గ్రీకు తాత ఎవరికీ ఏదీ చెప్పలేదనీ, ప్రశ్నలడిగి ఎదుటివాడి చేతనే జవాబు చెప్పించేవాడనీ వివరించి, నేనూ ఒక ప్రశ్న అడిగాను. చదువంటే ఏమిటి, అని. ఎంత నిశ్శబ్దమంటే మేక నెమరువేస్తున్న చప్పుడు వినిపించింది. చివరికి చిట్టియ్య లేచాడు. అందరిలోకీ చిన్నవాడు, మా చర్చి మనిషే, పాలెంలో మిషను బడి చూస్తాడు.

"జవాబు కూడా మీరే చెప్పేస్తే మేము అనేస్తామండి" అన్నాడు.

ఆ తాతకి విషం ఎందుకిచ్చారో చెప్పాను. అడిగి అడిగి ఊరిని విసిగించినందుకు, అని. పదకొండు తలలూ న్యాయమే అన్నట్టు ఊగాయి.

వీళ్లలో పెద్దాయన వీరబ్రహ్మం గారు. నరసాపురం కాలవ గట్టున, పాలకొల్లు దగ్గర ఒక ఊళ్లో ముప్పై ఏళ్లుగా బడి. ఆయన ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకుంటారు. నిద్ర అనుకున్నాను. సాయంత్రం వరండాలో కూర్చుని నా పాఠం మొత్తం, నేను దగ్గిన చోట దగ్గుతూ, అప్పచెప్పుకుంటున్నారు.

22 ఆగస్టు

ఇక వాదించదలుచుకోలేదు. నేనంటాను, వాళ్లంటారు. మూడుసార్లంటే సరి, పాఠం వాళ్లదైపోతుంది. పుస్తకంలో ఉన్న దొరలందరూ పేజీ పేజీనా బట్టీ చదువు పాపమన్నారు. ఆ మాటే మేము రోజూ బట్టీ పడుతున్నాం. దొరగారుంటే గుండె ఆగేది. పాపం, జ్వరమే నయం.

దొరల పేర్లకి నోరు తిరగదు, అందుకని ఆ దొరలకి మన వరసలు పెట్టేశాను. గ్రీకు తాత, ఫ్రాన్సు దొర, స్విట్జర్లాండు బాబాయి, జర్మనీ బొమ్మల మావయ్య. పరీక్షకి అసలు పేర్లు ఒక వరసగా విడిగా నేర్పుతాను.

29 ఆగస్టు

స్విట్జర్లాండు బాబాయి పాఠం. మాట చెప్పే ముందు వస్తువు చూపాలంటాడు ఆయన. చూసి, తాకి, పిల్లవాడు తనంతట తానే మాట పుట్టించుకోవాలి. ఈ ఒక్కటైనా సరిగ్గా చేద్దామని లోవమ్మ చేత పులస తెప్పించి తెర అటు వైపు పెట్టించాను. ఇప్పుడు మీకు తోచింది చెప్పండి అన్నాను.

పుట్టిన మాటలు ఇవి: ముక్క ఎంత మందం కొయ్యాలి, పులుసులో బెండకాయ వెయ్యాలా వద్దా, యానాం దగ్గర పట్టిందా ధవళేశ్వరం దగ్గర పట్టిందా. గంటసేపు మహా రంజుగా మాట్లాడుకున్నారు. చిట్టియ్యా, పేరుకే ముసలయ్య అయిన ఇంకో కుర్ర మేష్టరూ బెండకాయ దగ్గర కొట్టుకోబోయారు. చేప తినని వీరబ్రహ్మం గారు ఒక్కరే గోడ వైపు తిరిగి కూర్చున్నారు. మొత్తానికి బాబాయి గెలిచాడనే అనుకోవాలి. పరీక్షలో పులస గురించి అడగరు, అదే విచారం.

3 సెప్టెంబరు, సోమవారం

లోవమ్మ పొద్దున్న తెర వెనక్కి వచ్చి కూర్చుంటే, గోడకి ఆనుకోలేదు. ఎందుకని అడిగితే చెప్పలేదు. కొంగు పక్కకి జరిగినప్పుడు చూశాను. వీపున అడ్డంగా వాత. దొరసానిగారి కుక్కకి పెట్టిన పాలు ఈవిడ మేక తాగేసిందట. మేక దొరకలేదు, లోవమ్మ దొరికింది. దొరసానిగారి చేతిలో గొడుగుంది. నిన్ననే కదా ఆవిడ మాకు ప్రేమ దీర్ఘశాంతము గలది అని గంటసేపు చెప్పింది.

ఇవాళ్టి పాఠం ఫ్రాన్సు దొర. నేను చెప్పింది ఇలా సాగింది:

"ఫ్రాన్సు దొర ఏమన్నాడంటే, పిల్లవాడికి పన్నెండేళ్లు వచ్చేదాకా పుస్తకం చేతికివ్వకూడదు. అర్థం కాని మాటలు కుక్కితే బుర్ర సంతబుట్ట అవుతుంది. బట్టీ పట్టినవాడు చిలక. లోవమ్మా, ఆ మేకను తోలు. పిల్లవాణ్ణి కొట్టకూడదు, ప్రేమగా పెంచాలి. ఇంత చెప్పిన పెద్దమనిషి తన ఐదుగురు పిల్లల్నీ పుట్టగానే అనాథల ఇంటికి పంపేశాడు. మన దొరసానిగారూ అంతే, ఆదివారం ప్రేమ మీద ప్రసంగం, సోమవారం లోవమ్మ వీపున గొడుగు."

మేక దుప్పటి అంచున లేసు తింటోంది, అందుకని మధ్యలో ఆ మాట. చివరి మాట ఎందుకొచ్చిందో నాకు తెలుసు, కానీ రావాలనుకోలేదు. నోరు మూసుకునేలోపే తెర అవతల పదకొండు మందీ అందుకున్నారు: సోమవారం లోవమ్మ వీపున గొడుగు. మూడుసార్లు.

లోవమ్మ కొంగు వీపు నిండా కప్పుకుంది. మేకని తోలడానికి లేచింది.

దొరసానిగారు బజారుకి వెళ్లారు కాబట్టి సరిపోయింది. అయినా ఇదంతా ఎవరికి గుర్తుంటుంది?

20 సెప్టెంబరు

మద్రాసు పాదిరి పాఠం. నూరేళ్ల క్రితం ఒక ఇంగ్లీషు పాదిరి మద్రాసులో ఒక అరుగు బడి చూశాడు. పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దుతున్నారు, పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెబుతున్నారు. దాన్ని పట్టుకెళ్లి తన దేశంలో కొత్త పద్ధతి అని పెడితే అక్కడ వేలాది బడులు వెలిశాయట.

వీరబ్రహ్మం గారు కళ్లు తెరిచారు. మొదటిసారి నా వెంట అనకుండా తనంతట తాను మాట్లాడారు.

"అంటే మా ఇసకే ఓడెక్కి సీమకెళ్లి, మమ్మల్ని సర్టిఫికెట్టు అడగడానికి తిరిగొచ్చిందాండి?"

నేను తెర వెనక చాలాసేపు నవ్వాను. అటు వైపు నుంచి నా నవ్వుని కూడా అప్పచెబుతారేమోనని భయపడి ఆపుకున్నాను.

11 అక్టోబరు

జర్మనీ బొమ్మల మావయ్య పాఠం అయిపోయింది. బంతులు, చెక్కముక్కలు, పాటలు. పిల్లలు మొక్కలట, బడి తోటట. తోటమాలి రోజూ మొక్కని పీకి వేరు ఎంత పెరిగిందో చూడకూడదట. బడుల ఇనస్పెక్టర్ల గురించే అన్నాడని నా నమ్మకం, పుస్తకంలో అలా లేదు.

29 అక్టోబరు

పరీక్ష అయిపోయింది. దొరసానిగారే కాపలా. గొడుగు చేత్తో పట్టుకుని బల్లల మధ్య రోజంతా తిరిగారు. మెడ తిప్పిన పాపాన ఎవరూ పోలేదు.

పెద్ద ప్రశ్న: 'కంఠస్థము చేయించు పద్ధతిని ఖండించిన పాశ్చాత్యుల అభిప్రాయములను వ్రాయుము.' బయటికొచ్చాక అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. బాగా రాశారా అని లోవమ్మని పంపి అడిగించాను. ఒక్క అక్షరం పొల్లు పోలేదని చెప్పమన్నారట.

ఖాయమైన ఉద్యోగం వస్తే ముందుగా ఆ దుప్పటి విప్పేస్తాను.

8 నవంబరు

కొంప మునిగింది.

ఇనస్పెక్టరుగారి దగ్గర నుంచి కబురు. ఆ ప్రశ్నకి పదకొండు మంది జవాబులూ అక్షరం తేడా లేకుండా ఒకటేనట. చూసి రాశారనడానికి ఇంతకంటే ఏం కావాలట. పదకొండింటిలోనూ ఒకే చోట ఒక మేక ఉన్నదట. అందరి పరీక్షా కొట్టేసి, ఇక ఎప్పుడూ రాయనివ్వకుండా చేస్తానన్నారు.

నాకంటే దొరసానిగారికి కోపం ఎక్కువ వచ్చింది. కాపలా ఆవిడది కదా. "నా యెదుట దొంగతనము జరుగలేదు" అని గొడుగు నేలకేసి కొట్టారు. ఇనస్పెక్టరుగారు వచ్చి తన సమక్షంలోనే విచారించాలని తిరుగు కబురు పెట్టారు. ఆయన ఒప్పుకున్నారు. సోమవారం వస్తారు. ఒక్కొక్కరినే పిలుస్తారు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు నోటితో చెప్పగలిగితే నిజాయితీగా రాసినట్టు. తడబడినవాడు దొంగ.

అంటే దొరసానిగారు కూర్చుని వింటారు. అక్షరం అక్షరం.

మేక ఉన్నదంటే, మేక తర్వాత ఐదుగురు పిల్లలు. పిల్లల తర్వాత...

వాళ్లు రాసి ఉండరులే. పెద్దవాళ్లు, మంచీ చెడ్డా తెలిసినవాళ్లు.

10 నవంబరు

రాశారు.

లోవమ్మని వెంటబెట్టుకుని మేష్టర్ల బసకి వెళ్లాను. తెర లేదు, కాబట్టి వాళ్లు గోడల వైపు చూశారు, నేను నేల వైపు. ఏమేం రాశారని అడిగాను.

"చెప్పింది చెప్పినట్టే రాశామండి అమ్మాయిగారు" అన్నారు వీరబ్రహ్మం గారు. "గురువు మాటలో ఒక అక్షరం జారిస్తే తప్పు కదండీ."

మేక కూడానా అన్నాను. మేకతో సహా అన్నారు. దాని తర్వాత అన్నాను.

"గొడుగుతో సహానండి."

ఆ ఒక్క ముక్క సోమవారం వదిలెయ్యండి అని అడగడానికే వెళ్లాను. అడగలేదు. నా ఆత్మగౌరవం ఒప్పుకోలేదు.

అబద్ధం. అడగడానికి నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది, వదిలేస్తే తడబడినట్టే. ఆయన ముప్పై ఏళ్ల బడి పోతుంది. చెబితే నా ఉద్యోగం పోతుంది. చిట్టియ్యకైతే వదిలేసినా చెప్పినా బడి పోతుంది, అది మిషనుదే కదా. తెరిచిన నోటితో, చెప్పింది చెప్పినట్టే చెప్పండి అని వచ్చేశాను.

దారిలో లోవమ్మ నరసాపురంలో మంచి ఎండుచేప దొరుకుతుందని చెప్పింది. ఓదార్పు.

12 నవంబరు, సోమవారం

రాసి తీరాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

తెర కట్టే ఉంది. ఇటు నేను, లోవమ్మ. అటు బల్ల దగ్గర ఇనస్పెక్టరుగారు, పక్కన దొరసానిగారు, ఆవిడ కుర్చీకి ఆనించి గొడుగు. మేష్టర్లని వరండాలో కూర్చోబెట్టారు. మధ్యలో కిటికీ ఉందని ఎవరికీ తట్టలేదు.

పెద్దవాడని వీరబ్రహ్మం గారిని ముందు పిలిచారు. ఆయన చేతులు కట్టుకుని కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. ఇనస్పెక్టరుగారు కాగితం మీద వేలు పెట్టి వెంట వస్తున్నారు. పన్నెండేళ్లు, సంతబుట్ట, చిలక. "లోవమ్మా, ఆ మేకను తోలు" దగ్గర వేలు ఆగింది. దొరసానిగారు లోవమ్మ పేరు విని తెర వైపు చూశారు. వీరబ్రహ్మం గారు మాత్రం ఆగలేదు. ప్రేమగా పెంచాలి. ఐదుగురు పిల్లలు. అనాథల ఇల్లు.

ఆగారు.

లేసు కన్నంలోంచి చూస్తున్నాను. ఆయన కళ్లు తెరిచారు. జీవితంలో మొదటిసారి మధ్యలో ఆగిన మనిషిలా ఉన్నారు.

"తర్వాత?" అన్నారు ఇనస్పెక్టరుగారు.

"ఇక్కడ ఒక ఉదాహరణ ఉందండి. కాగితంలో రాశాను, తమరి ఎదుట ఉంది. నోటితో చెప్పనండి."

"చెప్పకపోతే మీ సర్టిఫికెట్టు పోతుంది, తెలుసా?"

"తెలుసండి. దాని బదులు ఇంకోటి చెప్పమంటారా?" అని, జవాబు కోసం చూడకుండా అన్నారు. "ఆ ఫ్రాన్సు దొర ఊళ్లో పిల్లలకి చెయ్యమన్నది తన పిల్లలకి చెయ్యలేదండి. మేము బెత్తంతో ఊళ్లో పిల్లలకి చేసేది మా పిల్లలకి చెయ్యమండి. ఆయనా మేమూ కలిస్తే ఒక మంచి మేష్టరు అవుతాడేమోనండి."

ఇనస్పెక్టరుగారు కాగితం తిప్పి చూశారు. "ఇది ఇందులో లేదే?"

"లేదండి. ఇప్పుడే వచ్చిందండి."

ఆయన్ని బయటికి పంపేశారు.  ముప్పై ఏళ్ల బడి, నా ఒక్క మాట కోసం. తర్వాత చిట్టియ్యని పిలిచారు.

చిట్టియ్య గుక్కతిప్పుకోకుండా మొదలుపెట్టాడు. చిలక, మేక, ఐదుగురు పిల్లలు. ఆగాడు. "ఇక్కడ ఒక ఉదాహరణ ఉందండి. కాగితంలో రాశాను, తమరి ఎదుట ఉంది. నోటితో చెప్పనండి" అన్నాడు. ఇనస్పెక్టరుగారు నోరు తెరిచేలోపే, తెలుసండి, దాని బదులు ఇంకోటి చెప్పమంటారా, ఆ ఫ్రాన్సు దొర ఊళ్లో పిల్లలకి, అంటూ అందుకుని, ఒక మంచి మేష్టరు అవుతాడేమోనండి దాకా వెళ్లాడు. చివర, ఎవరూ అడగకుండానే:

"లేదండి. ఇప్పుడే వచ్చిందండి."

ముసలయ్య వచ్చాడు. అతనికీ ఇప్పుడే వచ్చింది. అతని తర్వాతివాడికీ ఇప్పుడే వచ్చింది. ఐదోవాడికి వచ్చేసరికి ఇనస్పెక్టరుగారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని బల్ల మీదికి వంగిపోయారు. దొరసానిగారు ఆయనకి జబ్బు చేసిందనుకుని నీళ్లు తెప్పించారు. పదకొండోవాడు చెప్పేదాకా ఆయన తల ఎత్తలేదు.

తర్వాత లేచి కళ్లు తుడుచుకుని దొరసానిగారితో అన్నారు. "వీళ్లు చూసి రాయలేదమ్మా. వీళ్లకి కళ్లతో పని లేదు, చెవులుంటే చాలు. ఇప్పుడు పుట్టిన మాటని కిటికీ అవతల నుంచి ఒక్క వినికిడిలో పట్టేశారు. ఇంక పరీక్ష గదిలో కాపీ ఎందుకు?"

అందరూ ప్యాసు. ఆయన కాగితాలు సర్దుతూ ఒక్క చోట ఆగి చదివారు. గొడుగు వైపు చూశారు. కాగితాలు బోర్లించి సంచిలో పెట్టుకున్నారు.

13 నవంబరు

దొరసానిగారు టీకి పిలిచారు. ఉద్యోగం ఖాయం. జనవరి నుంచి. "నీవు నమ్మకమైన పనికత్తెవు" అన్నారు. తర్వాత, లోవమ్మ కప్పులు పెడుతుండగా, అడిగారు.

"వారందరునూ పలుకక విడిచిన ఆ ఉదాహరణ ఏది? నాకు తెలిసికొనవలెనని యున్నది."

ఏమీ లేదండి, మేక గురించే ఇంకో మాట, అన్నాను.

బిస్కెట్లు బాగున్నాయి.

14 నవంబరు

వీరబ్రహ్మం గారు సెలవు తీసుకోవడానికొచ్చారు. తెర ఇటు నుంచే, నా కోసం అంత పని చేశారు, ఈ జన్మకి మరిచిపోనని గొంతు వణికేలా చెప్పాను. నిన్నటి నుంచి ఆ వాక్యం సాధన చేస్తున్నాను.

"మీ కోసమా అండి?" అన్నారు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోయి. "దొరసానిగారు ఎదుట కూర్చుని ఉండగా ఆవిడ మాట ఆవిడ ముందే ఎలా అంటామండి. మర్యాద కాదు కదండీ. మా ఊళ్లో అయితే ఆవిడ ఉండరు."

సాధన చేసిన వాక్యం అంతా వృథా.

ఆయన వెళ్లాక లోవమ్మ దుప్పటి మడత పెడుతూ, నా వైపు చూడకుండా, "అందరూ అందరి మర్యాదా కాపాడేశారు. దెబ్బ తిన్నది మాత్రం నా వీపు. దాని మాట ఎత్తినోళ్లు లేరు" అంది.

జోకులాగే అంది. నేనూ నవ్వాను.

15 నవంబరు

తలనొప్పి. ఎక్కడికీ వెళ్లలేదు.

16 నవంబరు

తలనొప్పి లేదు. నిన్న కూడా లేదు.

17 నవంబరు

వెళ్లి చెప్పాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ముగించాను, ఇంగ్లీషులో వాతకి మాట గుర్తురాలేదు. ఉదాహరణ ఏమిటో, ఎందుకు అన్నానో, మొన్న టీ దగ్గర ఎందుకు అబద్ధమాడానో, అన్నీ.

దొరసానిగారు కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. మూల నున్న గొడుగు వైపు చాలాసేపు చూశారు, దాన్ని ఎవరో వచ్చి అక్కడ పెట్టి వెళ్లినట్టు. తర్వాత, "నరసాపురము పడవ శుక్రవారమున కలదు" అన్నారు.

లేసు అని తెలిసినప్పటి నుంచి వేళ్లు నొప్పెడుతున్నాయి. వెళ్లి చెప్పింది పిరికిదాన్ని కాను అని నాకు నేను నిరూపించుకోవడానికి కాదు. చెప్పాలనిపించింది, అంతే. కొంత నిరూపించుకోవడానికి కూడా.

19 నవంబరు

లోవమ్మ పని మానేసింది. నరసాపురం తన పుట్టిల్లు, ఊరికే ఒక పడవ పోతుంటే ఎక్కకపోవడం ఎందుకు అంటుంది. నా కోసం కాదట. ఈ ఊళ్లో ఎవరూ ఎవరి కోసమూ ఏమీ చెయ్యరు.

నరసాపురం కాలవ, 24 నవంబరు

నిన్న గోదావరి దాటి విజ్జేశ్వరం దగ్గర పడవ మారాం. తాడు పట్టి గట్టు మీద ఇద్దరు లాగుతుంటే మెల్లగా పోతోంది. ఒక మూట నాది, ఒకటి లోవమ్మది, మధ్యలో మేక. తెల్లారి చలికి ముడుచుకుని కూర్చున్నాను. సముద్రపు గాలి గురించి ఆలోచించడానికి ప్రయత్నించాను, లేసు గురించే వచ్చింది.

పాలకొల్లు ఇంకా రాలేదు. గట్టు మీద ఒక పెంకుటిల్లు, అరుగు నిండా పిల్లలు, అరుగంతా ఇసక. పాఠం నడుస్తోంది. దూరం నుంచి రాగం ముందు వచ్చింది, మాటలు తర్వాత. ఆ రాగం ఎక్కడ విన్నానా అనుకున్నాను. నాదే.

"బట్టీ పట్టినవాడు చిలక" అంటున్నారు పిల్లలు, ముప్పై గొంతులతో, బట్టీ పట్టి.

ఫ్రాన్సు దొర గనక బతికుంటే కాలవలో దూకేవాడు. నేను నవ్వు ఆపుకోలేక పడవ అంచు పట్టుకున్నాను. అంతలో వినిపించింది.

"లోవమ్మా, ఆ మేకను తోలు."

లోవమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. మేక వైపు చూసింది. అది బుద్ధిగానే ఉంది.

పిల్లలు ఆగలేదు. ప్రేమగా పెంచాలి. ఐదుగురు పిల్లలు. అనాథల ఇల్లు.  ఇక్కడ దొరసానిగారు లేరు, మర్యాద అడ్డు లేదు. కాలవ పొడుగునా, బట్టలుతికేవాళ్లూ నీళ్లకొచ్చినవాళ్లూ తలెత్తి వినేలా, ఆ పిల్లలు గొంతెత్తి అన్నారు.

"ఆదివారం ప్రేమ మీద ప్రసంగం, సోమవారం లోవమ్మ వీపున గొడుగు."

తర్వాత ఆయన కలిపిన ముక్క కూడా ఉంది, మంచి మేష్టరు దాకా. ఇప్పుడే వచ్చిందండి, అని అందరూ ఒక్కసారి అన్నారు. లోపల వీరబ్రహ్మం గారి గొంతు "మళ్లీ మొదటి నుంచి" అంది. చేతిలో బెత్తం ఉందో లేదో పడవలోంచి కనిపించలేదు. ఉండే ఉంటుంది.

లోవమ్మ కొంగు సర్దుకుంది. వీపు నిటారుగా పెట్టి, పట్నం వెళ్లొచ్చిన మనిషిలా గట్టు మీదివాళ్ల వైపు ఒకసారి చూసి, ముందుకు వంగి పడవ లాగేవాళ్లని కేకేసింది.

"ఓ బాబూ, కాస్త నెమ్మదిగా లాగండి. రెండోసారి చెబుతున్నారు."